యాక్సెంటు కాదు బాబూ, మైకు!

మన సాఫ్టువేరు జనాల లెక్కలు నాకెప్పటికీ అర్థం కావు. లక్ష రూపాయల లాప్‌టాపు కొనాలంటే ర్యాం ఎంత, ప్రాసెసరు ఏ తరం అని వారం రోజులు పోల్చి చూస్తారు. కుర్చీ కోసం పది వీడియోలు చూస్తారు. అదే, రోజుకి ఐదారు గంటలు చెవులకి తగిలించుకునే వస్తువు దగ్గరికొచ్చేసరికి మాత్రం సేల్‌లో ఏది తళతళా మెరుస్తుంటే అది నొక్కి పడేస్తారు. 80 శాతం తగ్గింపు అని రాసుంటే ఇంకా సంతోషం. ఇంకో బ్యాచ్ ఉంది, వాళ్లు పూర్తిగా రివర్సు. ఇరవై పాతిక వేలు పోసి విమానాల్లో తిరిగేవాళ్ల కోసం చేసిన నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు కొని, బడంగ్‌పేటలో టూబీహెచ్‌కే బెడ్‌రూములో కూర్చుని స్టాండప్ కాల్‌లో మాట్లాడుతుంటారు. అవతలివాడికి వీళ్ల గొంతు నూతిలోంచి వచ్చినట్టు వినపడుతుంటుంది. ఆ సంగతి వీళ్లకి తెలీదు. తెలిసే దారి కూడా లేదు, ఎవరి గొంతు వాళ్లకి బాగానే వినపడుతుంది కదా.

నా వాదన ముందే చెప్పేస్తాను, తిట్టాలనుకున్నవాళ్లు ఇక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు :-) కంప్యూటరు ముందు కూర్చుని పని చేసుకునేవాడికి బ్లూటూత్ ఇయర్‌బడ్స్ అంత దండగ కొనుగోలు ఇంకోటి లేదు. వెయ్యి రూపాయల వైరు హెడ్‌సెట్ మీటింగుల్లో ఇరవై వేల వైర్‌లెస్‌ని చిత్తుగా ఓడిస్తుంది. ఇంకో మాట కూడా. మనవాళ్ల అప్రైజల్ కాగితాల మీద ఏటా దర్శనమిచ్చే "కమ్యూనికేషన్ మెరుగుపరుచుకోవాలి" అనే వాక్యంలో కొంత వాటా ఈ చెత్త మైకులది. ఎంత వాటా అని నన్నడక్కండి, నా దగ్గర కొలతలు లేవు. సున్నా మాత్రం కాదు, ఎందుకో చెప్తాను.

బ్లూటూత్‌లో పాటలు వినడానికి ఒక దారి, మాట్లాడడానికి ఇంకో దారి. మొదటిదాని పేరు ఏ2డీపీ. ఇది వన్‌వే రోడ్డు, లాప్‌టాపు నుంచి చెవికి మాత్రమే. మామూలు ఎస్‌బీసీ కోడెక్‌తోనే సెకనుకి 328 కిలోబిట్ల దాకా పంపుతుంది, పాటలు వినడానికి అది శుభ్రంగా సరిపోతుంది. రెండోది హెచ్‌ఎఫ్‌పీ, అంటే హ్యాండ్స్‌ఫ్రీ. కారులో స్టీరింగు పట్టుకుని ఫోను మాట్లాడుకోవడానికి పుట్టిన పద్ధతి. ఇందులో రెండువైపులా రాకపోకలున్నాయి కానీ రోడ్డు కాదు, సందు. అటూ ఇటూ 64 కిలోబిట్లే. ఈ 64 అనే అంకె ఎక్కడో విన్నట్టుందా? పాత డిజిటల్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో ఒక లైనుకి ఇచ్చేది సరిగ్గా ఇదే. సెకనుకి 8000 శాంపిళ్లు, ఒక్కోటి 8 బిట్లు, గుణించి చూసుకోండి.

మీరు మీటింగులో చేరి బడ్స్ మైకు ఆన్ అయిన మరుక్షణం హెడ్‌సెట్ ఆ పెద్ద రోడ్డు వదిలేసి ఈ సందులోకి దిగుతుంది. స్టీరియో కాస్తా మోనో అవుతుంది. పాట వింటూ వింటూ కాల్‌లో చేరినప్పుడు ఆ పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోవడం మీరూ గమనించే ఉంటారు. అది నెట్ స్లో అవడం వల్ల కాదు. 2011లో హెచ్‌ఎఫ్‌పీ 1.6 తోపాటు ఎంఎస్‌బీసీ అనే మెరుగైన కోడెక్ వచ్చింది, శాంప్లింగు 8 నుంచి 16 కిలోహెర్ట్జ్‌కి పెరిగింది. పాపం కాస్త నయమే. కానీ అది లాప్‌టాపుకీ రావాలి, హెడ్‌సెట్‌కీ రావాలి, మధ్యలో ఆఫీసువాళ్లు ఎక్కించిన డ్రైవరుకీ రావాలి. ముగ్గురిలో ఏ ఒక్కరికి రాకపోయినా మళ్లీ 8 కిలోహెర్ట్జే. శాంప్లింగులో సగానికి మించిన శబ్దం మిగలదని ఇంజినీరింగు రెండో ఏడాదిలో నైక్విస్ట్ పేరు చెప్పి బట్టీ పట్టాం కదా, ఆ లెక్కన అవతలివాడికి చేరేది 4 కిలోహెర్ట్జ్ లోపు. నిజానికి టెలిఫోను పద్ధతిలో 300 నుంచి 3400 హెర్ట్జ్. మీ హెడ్‌ఫోను పెట్టె మీద మాత్రం 20 నుంచి 20,000 అని బంగారు అక్షరాలతో ఉంటుంది. ధర ఇరవై వేలైనా, పన్నెండొందలైనా, ఆ సందులోకి దిగాక అందరూ సమానులే. సోషలిజం అంటే ఇదే కాబోలు.

సరే, పైన ఉన్నవి కోసేస్తే ఏం పోయింది, మాట అర్థమవుతుంది కదా అంటారా? ఎక్కడికక్కడే పోయింది. "స" అనే శబ్దం బలమంతా 4 కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది. ఇంగ్లీషు "ఎఫ్", "టీహెచ్" అయితే మరీ బలహీనం, అవీ పైపైనే తిరుగుతాయి. పదం చివర "ట్" అని విరిచే చప్పుడులో పదును కూడా అక్కడే. అచ్చులు కింద ఉంటాయి, గట్టిగా ఉంటాయి, అందుకే గొంతు "వినపడుతూనే" ఉంటుంది. పదాన్ని పదం నుంచి విడదీసే హల్లులు మాత్రం గాయబ్. ల్యాండ్‌లైను రోజుల్లో మన నాన్నలు ట్రంకు కాల్‌లో పేరు చెప్పాలంటే "ఎస్ ఫర్ సుగర్, ఎఫ్ ఫర్ ఫాదర్" అని అరిచేవాళ్లు కదా, ఎందుకనుకున్నారు? ఆయనకి ఇంగ్లీషు రాకా? ఆ తీగ 3400 దగ్గర కత్తిరించేది కాబట్టి. ఇప్పుడు మీరు ప్రొడక్షన్ కాల్‌లో "వుయ్ కాంట్ డిప్లాయ్" అంటే అవతల "వుయ్ కెన్ డిప్లాయ్" అని వినపడిందనుకోండి. ఆ "ట్" ఖరీదెంతో శుక్రవారం రాత్రి తెలుస్తుంది.

వింతేమిటంటే అవతలంతా బ్రహ్మాండంగానే ఉంది. 2012లోనే ఓపస్ కోడెక్ ప్రమాణంగా వచ్చేసింది, 48 కిలోహెర్ట్జ్ దాకా మోస్తుంది, బ్రౌజరులో నడిచే కాల్స్‌కి అదే ఆధారం. ఇంటికి ఫైబరు వచ్చింది. సర్వర్లున్నాయి. పదమూడు వేల కిలోమీటర్లు క్షేమంగా వెళ్లగలిగిన గొంతుని చెవి నుంచి లాప్‌టాపుకి మధ్యనున్న రెండడుగుల్లో మనమే డబ్బులిచ్చి చంపుకుంటున్నాం.

మా టీములో నల్లగొండ వైపు కుర్రాడొకడున్నాడు. పని రాక్షసుడు. ఆన్‌సైట్ వాళ్లతో కాల్ అంటే మాత్రం ప్రతి మూడో వాక్యానికీ "కెన్ యూ రిపీట్ దట్" అని వచ్చేది. రెండోసారి వాడు గట్టిగా చెప్తాడు, మూడోసారికి కంగారు పడతాడు, కంగారులో వేగం పెరుగుతుంది, నాలుగోసారి నేనో ఇంకొకరో అందుకుని వాడి మాట మేం చెప్తాం. ఆ ఏడాది కాగితం మీద రాశారు, కమ్యూనికేషన్ వీక్ అని. వారానికి రెండు గంటల ట్రైనింగు కూడా పెట్టారు, "వీ"కి "డబ్ల్యూ"కి తేడా చెప్పే క్లాసు. ఒకరోజు నేనే వాడి కాల్ రికార్డింగు తీసి వాడికే వినిపించా. "అన్నా, ఇది నా గొంతేనా? నాకు మంచిగనే వినిపిస్తది గదా!" అన్నాడు. అదే మరి. వాడి చెవుల్లో ఉన్నవి అప్పటికి నాలుగు నెలల క్రితం కొన్న ఇయర్‌బడ్స్. నా బ్యాగులో ఎప్పుడూ ఉండే వైరు హెడ్‌సెట్ ఇచ్చి, అదే పేరా మళ్లీ చదివించి రికార్డు చేశాం. యాస అదే, మనిషి అదే, "స"లు, "ట"లు తిరిగొచ్చాయి. తర్వాతి నెల కాల్స్‌లో రిపీట్లు తగ్గాయి. పూర్తిగా పోలేదు, వాడు వేగంగా మాట్లాడతాడు, ఆ జబ్బు మైకుతో నయం కాదు. ఆ ఏడాది రేటింగు కూడా మారలేదు, కాగితం మీద పడిన మాట అంత తేలిగ్గా చెరగదు. కానీ వాడిప్పుడు కాల్‌లో నోరు తెరుస్తున్నాడు.

2025 ఫిబ్రవరిలో ఒక వార్త వచ్చింది గుర్తుందా? టెలిపర్‌ఫార్మెన్స్ అనే ఫ్రాన్సు కాల్ సెంటర్ల కంపెనీ, ఇక్కడి ఉద్యోగుల ఇంగ్లీషు యాసని మాట్లాడుతుండగానే మెత్తబరిచే ఏఐ సాఫ్టువేరు వాడుతోందని. సనాస్ అనే కంపెనీ తయారుచేసిందది. మన గొంతుని ఒక మెషీను కడిగి, ఇస్త్రీ చేసి అవతలికి పంపుతుందన్న మాట. దీని మీద యాస గౌరవం గురించి చాలామంది ఆవేశపడ్డారు, పడాల్సిందే. నాకు మాత్రం ఇంజినీరు బుద్ధితో ఒకటే అనిపించింది. సిస్టం పనిచెయ్యకపోతే మనం మొదట చేసేదేంటి? కేబులు సరిగ్గా ఉందా అని చూస్తాం. అదేం చూడకుండా డేటాబేసు మార్చేద్దాం అనేవాణ్ణి టీములోంచి గెంటేస్తాం. మరి మనిషి మాట అర్థం కాలేదంటే మాత్రం వెంటనే వాడి నాలుకనెందుకు రిపేరు చెయ్యబోతాం? క్లాసులకి పెట్టే డబ్బుతో టీముకంతా హెడ్‌సెట్లు కొనొచ్చు కదా అని నేనొక మీటింగులో అన్నాను కూడా. "గుడ్ పాయింట్" అని మినిట్స్‌లో రాసుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది, మినిట్స్‌లో.

ఇక పెట్టెల మీది బూతుల సంగతి. 2000ల్లో కంప్యూటరు స్పీకర్లు కొన్నవాళ్లకి పీఎంపీఓ గుర్తుండాలి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా మీద "1000 వాట్స్ పీఎంపీఓ" అని ఉండేది. ఆ స్పీకరుకి కరెంటిచ్చే అడాప్టరు చూస్తే పది పన్నెండు వాట్లు ఉండేది :-) అసలు వాట్లు ఆర్‌ఎంఎస్ లెక్కలో చెప్పాలి, పీఎంపీఓకి ఒక ప్రమాణమంటూ లేదు, ఎవడికి తోచింది వాడు రాసుకున్నాడు. ఆ పీఎంపీఓ చచ్చిపోలేదు, వేషం మార్చుకుంది. ఇప్పటి పేర్లు ఇవీ.

ఒకటి ఈఎన్‌సీ. మనవాళ్లు దీన్ని ఏఎన్‌సీ అనుకుని కొంటున్నారు. ఏఎన్‌సీ అంటే బయటి రొద మీ చెవిలోకి రాకుండా ఎదురు శబ్దం పుట్టించి కొట్టెయ్యడం. ఈఎన్‌సీ అంటే మీ మైకులోకి వచ్చే రొదని తగ్గించడం, అది కూడా అవతలివాడి సుఖానికి. మీ చెవికి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ఆ ఒక్క అక్షరం తేడా మీద ఎన్ని పెట్టెలు అమ్ముడుపోతున్నాయో! రెండు, "7.1 సరౌండ్". తలకి చెవులు రెండు, ఆ గేమింగు హెడ్‌సెట్లలో డ్రైవర్లు దాదాపు అన్నిట్లోనూ రెండే, మిగతావన్నీ సాఫ్టువేరు మాయ. ఘంటసాల పాత పాటలు రికార్డయిందే మోనోలో, వాటికి ఏడు దిక్కులు అంటగట్టి వినేవాణ్ణి చూశాను, దణ్ణం పెట్టి వచ్చేశాను. మూడు, "50 ఎంఎం డ్రైవర్". సైజుకీ నాణ్యతకీ నేరుగా సంబంధమేం లేదు, పది ఎంఎం డ్రైవరున్న ఇన్-ఇయర్లు వీటికంటే శుభ్రమైన బేస్ ఇస్తాయి. హై-రెస్ స్టిక్కరు గురించి చెప్పేదేముంది, 40 కిలోహెర్ట్జ్ దాకా పలకాలని దాని షరతు, మనిషి చెవి 20 దగ్గర ఆగిపోతుంది. బాలాపూర్ చెరువు గట్టు మీది గబ్బిలాలకి పనికొస్తుందేమో.

మరి ఏం కొనాలి? దుడ్డు పెద్దగా ఖర్చవదు.

కాల్స్ కోసమే అయితే నోటి దగ్గరికొచ్చే కాడ మైకున్న హెడ్‌సెట్ తీసుకోండి, అంతే. దీని రహస్యం ఎలక్ట్రానిక్స్‌లో లేదు, దూరంలో ఉంది. దూరం రెట్టింపయిన ప్రతిసారీ మీ గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాడ మైకు మూడు సెంటీమీటర్లలో ఉంటుంది, చెవిలోని బడ్ మైకు పన్నెండు సెంటీమీటర్లలో. రెండు రెట్టింపులు, 12 డెసిబెల్స్ తేడా. మీ సీలింగు ఫ్యాను, పక్క ప్లాటులో టైల్స్ కోసే మెషీను, వంటింట్లో కుక్కరు విజిలు మాత్రం రెండు మైకులకీ ఒకే దూరం. ఇక్కడ మా కాలనీలో ఏదో ఒక ఇల్లు కడుతూనే ఉంటారు, వినాయక చవితి వస్తే బాలాపూర్ వైపు నుంచి డీజే బాక్సులు, ఆ రొదని ఏ ఏఐ అయినా కోస్తే పనిలో పనిగా మీ మాటల చివర్లు కూడా కోస్తుంది. మొదటే గొంతు దగ్గర్నుంచి పట్టుకుంటే కొయ్యాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

వెయ్యి రూపాయల లోపు అయితే లాజిటెక్ హెచ్111 లాంటిది. ఒకే పిన్ను, లాప్‌టాపు కాంబో జాక్‌లో సరిపోతుంది. అచ్చం అలాగే ఉండే హెచ్110కి రెండు పిన్నులుంటాయి, అది పాతకాలపు డెస్క్‌టాపులకి. ఈ రెండూ తారుమారు చేసుకుని "మైకు పనిచెయ్యట్లేదు" అని వాపసు పంపేవాళ్లు చాలామంది. రెండు, రెండున్నర వేలు పెట్టగలిగితే యూఎస్‌బీ హెడ్‌సెట్, హెచ్390 లాంటిది. సౌండు కార్డు అందులోనే ఉంటుంది కాబట్టి లాప్‌టాపు జాక్‌లో వచ్చే గురగుర ఉండదు, మ్యూట్ బటను వైరు మీదే ఉంటుంది. అవి చూడ్డానికి బీపీఓ సామానులా ఉంటాయి, నిజమే. చెవుల మీద నురగ ఏడాదికో రెండేళ్లకో పొట్టు రాలుతుంది, కొత్తది వేసుకోవచ్చు. ఇయర్‌బడ్స్ బ్యాటరీ రెండు మూడేళ్లకి చచ్చాక ఏం వేసుకుంటారు? చెత్తబుట్టలో వేసుకోవాలి.

పాటలు వినడానికి అయితే చైనావాళ్లు ఈ పదేళ్లలో చేసిన మేలు అంతా ఇంతా కాదు. కేజెడ్, మూన్‌డ్రాప్ లాంటి వాళ్ల వైరు ఇన్-ఇయర్లు వెయ్యి, రెండు వేల మధ్య దొరుకుతున్నాయి, మైకున్న రకం కూడా ఉంటుంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఒక పక్క తన కథ తాను చెప్పుకుంటూ పోతుంది చూడండి, ఆ తీగల కదలిక వినపడాలి. ఢమఢమ బేస్ పెంచిన బడ్స్‌లో బేస్ ఉంటుంది, గిటార్ ఉండదు. చెవి లోపల పెట్టుకోవడం పడనివాళ్లకి ఆడియో-టెక్నికా ఎం20ఎక్స్ లాంటి స్టూడియో రకం హెడ్‌ఫోను, ఐదారు వేలలో. దాని వైరు మూడు మీటర్లు, కాళ్లకి చుట్టుకుంటుంది, మైకుండదు, ఆ రెండూ చూసుకుని కొనండి.

డాక్, యాంప్ అంటూ మిమ్మల్ని ముగ్గులోకి దించే సంగీత స్వాములుంటారు. 16 నుంచి 50 ఓమ్‌ల హెడ్‌ఫోనుకి లాప్‌టాపు చాలు. సెన్‌హైజర్ హెచ్‌డీ600 లాంటి 300 ఓమ్‌లవి కొన్ననాడు యాంప్ గురించి ఆలోచిద్దాం, అంతవరకూ అక్కర్లేదు. జాక్‌లో గురగుర వస్తోందా, లేక జాకే లేదా, అప్పుడు వెయ్యి రూపాయల చిల్లర డాంగిల్ చాలు. ఆపిల్ వాళ్ల టైప్-సీ డాంగిల్ చూడ్డానికి తోకలా ఉన్నా కొలతల్లో చాలా శుభ్రమైన డాక్, విండోస్ లాప్‌టాపులో చక్కగా పనిచేస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం సౌండు తక్కువగా వస్తుంది.

స్పీకర్ల గురించి ఒక్క ముక్క. రెండు బుల్లి స్పీకర్లని చెవుల ఎత్తుకి లేపి, మీవైపు తిప్పండి. సబ్‌ఊఫరు బల్ల కింద గది మూలకి తోసి "బేస్ అదిరింది" అనుకోకండి, కాంక్రీటు గది మూల దానంతటదే గుడగుడలాడుతుంది. కొనే ముందు వినాలనుకుంటే ఎల్బీనగర్ దాకా వెళ్లి మెట్రో ఎక్కండి. కోఠీ గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాదు పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో అడిగితే కొన్ని కొట్లవాళ్లు పెట్టి వినిపిస్తారు. మీ ఫోనులో మీకు కంఠతా వచ్చిన పాట పెట్టి వినండి, వాళ్ల డెమో పాట వద్దు.

ఇప్పుడు నా మీదికొచ్చేవాళ్ల ప్రశ్నలు. "మెట్రోలో, బస్సులో వైరెవడు మోస్తాడు?" మొయ్యక్కర్లేదు. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట మీదుగా రాయదుర్గం దాకా నిలబడి వెళ్లేవాడికి ఏఎన్‌సీ బడ్స్ నిజంగా మేలు. రొదలో మామూలు ఇయర్‌ఫోను పెట్టుకుంటే తెలీకుండానే సౌండు పెంచేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. మన ప్రయాణాలకి ఆ 4 గంటలు సోమ, మంగళవారాల్లోనే అయిపోతాయి. కాబట్టి బడ్స్ దారికి, వైరు బల్లకి. "కొత్త బ్లూటూత్ వచ్చింది కదా?" వచ్చింది. 2020లో ఎల్ఈ ఆడియో, ఎల్‌సీ3 కోడెక్ ప్రకటించారు, విండోస్ 11లో కూడా మద్దతు మొదలైంది, అది నిజంగా ఈ సందుని వెడల్పు చేస్తుంది. కానీ హెడ్‌సెట్‌లో, లాప్‌టాపు చిప్‌లో, డ్రైవరులో మూడుచోట్లా ఉండాలి. మీ ఆఫీసు లాప్‌టాపులో ఉందో లేదో చూసుకుని అప్పుడు నాతో గొడవకి రండి. సొంత 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో వచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్లు వేరే జాతి, వాటికి ఈ రోగం లేదు, ధర ఎక్కువ.

ఇంత చెప్పాక కూడా ఒక్క రూపాయి తియ్యను అనేవాళ్లకి పైసా ఖర్చులేని ఉపాయం ఉంది. టీమ్స్‌లోనో జూమ్‌లోనో ఆడియో సెట్టింగుల్లోకి వెళ్లి, స్పీకరుగా మీ బడ్స్‌నే ఉంచి, మైక్రోఫోను మాత్రం లాప్‌టాపుది ఎంచుకోండి. మైకు అడగలేదు కాబట్టి బ్లూటూత్ సందులోకి దిగదు, మీకు స్టీరియో మిగులుతుంది, మీ "స"లు అవతలికి చేరతాయి. ఫ్యాను రొద కొంచెం ఎక్కువ వెళ్తుంది, టైపు చేస్తే టకటక వినపడుతుంది, మాట్లాడేటప్పుడు టైపు చెయ్యకండి. టీమ్స్‌లో టెస్ట్ కాల్ అని ఉంటుంది, అందులో మీ గొంతు రికార్డు చేసి మీకే వినిపిస్తుంది. రెండు మైకులతోనూ ఒకసారి "వుయ్ కాంట్ డిప్లాయ్" అని చెప్పి చూసుకోండి.